పూర్వాగ్రహం అన్న మాట దగ్గరే మా పేచీ

సామాజిక మనోవిజ్ఞానం ఇవాళ మన డిగ్రీ కాలేజీల్లో, బీఈడీ క్లాసుల్లో పాఠంగా ఉన్నది. గుంపు ప్రభావం, పూర్వాగ్రహం, ఒత్తిడి అని మూడు అధ్యాయాలు. వాటిని చదివి పరీక్ష పాసైన టీచరు రేపు వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ లాంటి ఊరికి ఉద్యోగానికి పోతాడు. అక్కడ ఈ శాస్త్రం ఆ టీచరు కళ్లకు ఏం చూపెడుతుంది? ఏం చూడకుండా చేస్తుంది? దళిత ఉద్యమంలో పనిచేసేవాళ్లకు ఇందులో పనికొచ్చేది ఏమన్నా ఉన్నదా, లేక ఇదీ మనల్ని ‘సర్దుకుపొమ్మని’ చెప్పే ఇంకో సిలబసేనా? ఈ ప్రశ్నలతో ఆ పరిశోధనల్ని మేము మళ్లీ చదివాం.

శ్రీరంగాపూర్‌ను ఎదురుగా పెట్టుకోవడానికి కారణం ఉంది. వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో కట్టించిన రంగనాయకస్వామి గుడి, దాన్ని ఆనుకొని రంగసముద్రం చెరువు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా పెబ్బేరు మండలంలో ఉన్న ఈ ఊరు, 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు వనపర్తి జిల్లాలో తనే మండలం అయింది. ఈ ఊరి మీద ప్రత్యేకంగా ఏ ఆరోపణా చేయడం మా ఉద్దేశం కాదు. గుడి, చెరువు, ఊరు, వాడ అన్న తెలంగాణ పల్లె పొందికను ఒక్కచోట నిలబడి చూడొచ్చు గనక ఈ పేరు తీసుకుంటున్నాం.

కలిసి ఉంటే కులం పోతుందా?

పూర్వాగ్రహం గురించి మన టెక్స్ట్‌బుక్కులు మొదట చెప్పే పేరు గోర్డన్ ఆల్‌పోర్ట్. రెండు సమూహాలు దగ్గరికొచ్చి కలిసి మెలిసి ఉంటే పూర్వాగ్రహం తగ్గుతుందని 1954లో ఆయన అన్నాడు. అయితే ఊరికే అనలేదు, నాలుగు షరతులు పెట్టాడు: హోదా సమానంగా ఉండాలి, లక్ష్యం ఉమ్మడిగా ఉండాలి, ఒకరికొకరు సహకరించుకోవాలి, చట్టమూ అధికారమూ దానికి అండగా నిలవాలి. మన పాఠాలు షరతుల్ని మింగేసి ‘కలిసి ఉండాలి’ అన్న ఉపదేశాన్ని మాత్రం పిల్లలకు అప్పజెప్తాయి.

మన ఊర్లలో కలవడం ఎప్పుడు తక్కువైంది? నాట్లు వేసేది మనం, కోతలు కోసేది మనం, డప్పు కొట్టేది మనం, గొడ్డు చస్తే ఈడ్చేది మనం. తెలంగాణ చెరువుల కింద తూము తెరిచి పొలం పొలానికీ నీళ్లు పంచిన నీరడి ఎక్కువగా మాల మాదిగల్లోంచే వచ్చాడు. ఊరికంతా నీళ్లిచ్చిన ఆ చెయ్యి ఊరి బావిని ముట్టుకుంటే మాత్రం మైల. వందల ఏండ్లుగా రోజూ కలుస్తూనే ఉన్నారు గదా, మరి పూర్వాగ్రహం ఎందుకు కరగలేదు? ఎందుకంటే ఆ కలయికలో హోదా సమానం కాదు. కుల వ్యవస్థ మనుషుల్ని విడదీసి మాత్రమే బతకదు, పై కిందుల్లో పెట్టి కలిపి కూడా బతుకుతుంది. ఈ సంగతి ఆల్‌పోర్ట్ షరతుల్లో ఒకటోదాని లోపలే దాగి ఉంది. పాఠం చెప్పేవాళ్లు దాన్ని బయటికి తీయరు.

ఆల్‌పోర్ట్ కంటే 18 ఏండ్ల ముందు, 1936లోనే, సహపంక్తి భోజనాలతో కులం పోదని అంబేద్కర్ తేల్చి చెప్పాడు. కులం మనసులో ఉండే భావనే అని ఒప్పుకుంటూనే, ఆ భావనకు పవిత్రత ఇచ్చే శాస్త్రాల అధికారాన్ని కూల్చకుండా మనసు మారదన్నాడు. అంటే మనసును కాదనలేదు, మనసు దగ్గర ఆగిపోలేదు. సామాజిక మనోవిజ్ఞానాన్ని చదవాల్సిన కొలబద్ద ఇదే అని మేమనుకుంటున్నాం.

ఆల్‌పోర్ట్ మాటను మన దేశంలోనే పరీక్షించినవాళ్లున్నారు. మాట్ లోవ్ అనే పరిశోధకుడు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో వేర్వేరు కులాల యువకులు 1,261 మందిని తీసుకొని, వాళ్లలో కొందరితో క్రికెట్ లీగులు ఆడించి, మిగతావాళ్లను పోలిక కోసం ఆటకు బయట ఉంచాడు. 2021లో వచ్చిన ఫలితం ఇది: ఒకే జట్టులో కలిసి ఆడినవాళ్లలో కులం దాటిన స్నేహాలు పెరిగాయి, ఎదురు జట్లుగా తలపడిన పరిచయం మాత్రం చాలావరకు ఎదురు ఫలితమే ఇచ్చింది. జట్టులో హోదా సమానం. పొలంలో కాదు. ఇక తమర్ సగీ, మరికొందరు 2009లో చూపింది ఇంకా ముఖ్యం. రెండు సమూహాల్ని కూర్చోబెట్టి తమలో ఉన్న పోలికల గురించే మాట్లాడిస్తే, కిందున్నవాళ్లు ‘వీళ్లు మనకు న్యాయం చేస్తారు’ అని నమ్మారు. పైనున్నవాళ్లు పంచేటప్పుడు మాత్రం పాత లెక్కే పంచారు. ఎన్నికలప్పుడు దళితుల ఇంట్లో భోంచేసిపోయే నాయకుల్ని చూసినోళ్లకు ఈ ఫలితం కొత్తగా తోచదు.

గుంపుకు పిచ్చెక్కిందా?

ఇక గుంపు ప్రభావం. సాలమన్ ఆష్ 1950ల్లో అమెరికాలో చేసిన ప్రయోగం అందరికీ తెలిసిందే. మూడు గీతల్లో ఏది పొడుగులో సమానమో చెప్పమంటాడు. ముందే మాట్లాడుకున్నవాళ్లు వరసగా తప్పు చెప్తారు. అసలు మనిషి వంతు వచ్చేసరికి, కండ్లకు కనబడుతున్నా, మూడింట ఒక వంతు సార్లు గుంపు చెప్పిన తప్పే చెప్తాడు. పాఠం సాధారణంగా ఇక్కడ ఆగుతుంది. మనకు కావాల్సింది తర్వాతి భాగం. ఆ గుంపులో ఒక్కడంటే ఒక్కడు నిజం చెప్తే, తప్పుకు తలూపడం 5 శాతం దరిదాపులకు పడిపోయింది.

రెండు గ్లాసుల పద్ధతి ఎట్లా నిలబడింది, ఎట్లా కూలింది అన్నది దీంతో కొంత అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనం ఇంకా నడుస్తున్నదని జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో ప్రభుత్వానికే నివేదిక ఇచ్చింది. 1998లో పుట్టిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం లాంటివి హోటళ్ల ముందుకు మనుషుల్ని నడిపించినాయి. ‘ఊరంతా ఇట్లనే ఉన్నది’ అన్న నమ్మకాన్ని అక్కడ ఒక్కరు బద్దలు కొట్టినా దాని బిగువు సడలుతుంది. కానీ ఆష్ ప్రయోగంలో ఉన్నవాడు గది దాటి ఇంటికి పోతాడు, వాడికి పోయేదేం లేదు. ఊర్లో నిజం చెప్పినవాడికి కూలి పోతుంది, కౌలు పోతుంది, అప్పు పుట్టదు. వాడలో ఒకడు తల దించుకున్నాడంటే అది గుంపు మాయ కాదు, గుంపు చేతిలో ఉన్న భూమి. గీతల పొడుగు కొలిచిన శాస్త్రం ఎకరాల్ని కొలవలేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘గుంపు పిచ్చి’ సిద్ధాంతం. గుంపులో చేరితే మనిషి బుద్ధి కోల్పోతాడని 1895లో ఫ్రెంచి రచయిత లె బాన్ రాశాడు. కారంచేడు, చుండూరు లాంటివి జరిగినప్పుడల్లా మన పత్రికలు తెలిసో తెలియకో ఆ మాటే వాడినాయి: ఆవేశం, ఉద్రిక్తత, ఘర్షణ. చుండూరు తేదీలు చూడండి. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ 1991 జూలై మొదట్లో. ఆ తర్వాత నెలకు పైగా సంఘ బహిష్కరణ. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి కాల్వల్లో పడేశారు. నెల రోజులు నిలవుండే ఆవేశం ఏ పుస్తకంలో ఉన్నది? బ్రిస్టల్ నగరంలో 1980లో జరిగిన అల్లర్ల మీద స్టీఫెన్ రైకర్ 1984లో రాసిన వ్యాసం లె బాన్‌ను తిప్పికొట్టింది. గుంపు తన ‘మనం’ ఎవరో, తన శత్రువెవరో ఎరిగే కదులుతుందనీ, దానికి హద్దులు కూడా ఉంటాయనీ ఆయన చూపించాడు. మనం నిలబడాల్సింది ఈ వైపు. పిచ్చివాడికి శిక్ష ఉండదు, పథకం వేసినవాడికి ఉండాలి. చుండూరులో ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వొదిలేసింది. హత్య చేసిందెవరో తేలకుండా పోయే దేశంలో ‘గుంపు చేసింది’ అనే మాట అమాయకమైంది కాదు.

ఒత్తిడి ఎవరిది?

ఉత్తరప్రదేశ్ బడి పిల్లల మీద కార్లా హాఫ్, ప్రియాంకా పాండే చేసిన ప్రయోగం టీచర్లు తప్పక తెలుసుకోవాలి. పై కులాల అబ్బాయిలు 321 మంది, దళిత అబ్బాయిలు 321 మంది. కాగితం మీద చిక్కుదారులు ఇచ్చి దారి కనుక్కోమన్నారు. కులం బయటపెట్టనప్పుడు ఇద్దరికీ తేడా లేదు. అందరి ముందు పేరుతో పాటు కులం చదివి వినిపించాక దళిత పిల్లలు చేసినవి ఐదో వంతు దాకా తగ్గిపోయినాయి. తెలివి తగ్గలేదు, తెలివిని బయటికి రానిచ్చే చోటు మారింది. ఇప్పుడు మన బడుల్లో స్కాలర్‌షిప్ ఫారాల రోజు గుర్తుచేసుకోండి. ‘ఎస్సీలు లేచి నిలబడండి’ అన్న ఒక్క కేక చాలు. హక్కుగా రావాల్సిన డబ్బుల కోసం పిల్లవాడు ఆ పూట లెక్కల పాఠం పోగొట్టుకుంటాడు.

పెద్దయ్యాక పరిస్థితి మారుతుందా? సుఖదేవ్ థోరట్, పాల్ అటీవెల్ 2007లో అచ్చువేసిన అధ్యయనంలో ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పోయాయి. చదువులో, అర్హతలో తేడా లేదు, ఇంటి పేరు ఒక్కటే తేడా. దళిత పేర్లకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం మూడింట ఒక వంతు తక్కువ. కాబట్టి ఒత్తిడి అన్నది బలహీనుడి మనసులో పుట్టే రోగం కాదు, తలుపు మూసే చెయ్యి బయట ఉన్నది.

అమెరికా నల్లజాతి శ్రామికుల రక్తపోటు మీద షెర్మన్ జేమ్స్ 1983లో ఒక మాట తెచ్చాడు, ‘జాన్ హెన్రీయిజం’ అని. జాన్ హెన్రీ యంత్రంతో పోటీపడి గెలిచి, అక్కడికక్కడే కూలి చచ్చిపోయిన జానపద వీరుడు. చేతిలో వనరు లేకుండా, కష్టంతోనే అన్నిటినీ గెలుస్తానని పంతం పట్టినవాళ్ల రక్తపోటు ఎక్కువుంటుందని జేమ్స్ చూశాడు. పాలమూరు వాళ్లకు ఈ కథ వేరే చెప్పాల్నా? గుంపు మేస్త్రి వెంట దేశం మీద పడి ఆనకట్టలు కట్టిన లేబరుది అదే కథ. ‘కష్టపడితే పైకొస్తారు’ అని వాడ పిల్లలకు నీతులు చెప్పేవాళ్లు, ఆ కష్టం ఏ ఒంట్లోంచి వస్తున్నదో కూడా చెప్పాలి.

2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయిన తర్వాత యూనివర్సిటీలు కౌన్సెలింగ్ గురించి మాట్లాడినాయి. కౌన్సెలర్ వద్దని మేము అనడం లేదు. సస్పెన్షన్ అయి, హాస్టల్‌లోంచి వెళ్లగొట్టబడి, బయట టెంటు వేసుకున్న విద్యార్థికి ఊపిరి బిగబట్టి వదిలే వ్యాయామం నేర్పడం వైద్యం కాదంటున్నాం. గోపాల్ గురు సంపాదకత్వంలో 2009లో వచ్చిన పుస్తకం, ఆ తర్వాత యశ్‌పాల్ జోగ్‌దండ్ పరిశోధన అవమానాన్ని ఒక బాధగా మాత్రమే చూడలేదు. ‘ఇది అవమానం’ అని పేరు పెట్టడమే ఒక హక్కును అడగడం. సమూహానికి ఆ పేరు దొరికినప్పుడు ఒత్తిడి కొంత ఉద్యమంగా మారుతుంది. కారంచేడు తర్వాత 1985లోనే దళిత మహాసభ పుట్టడానికి వేరే మనోవైజ్ఞానిక వివరణ అక్కర్లేదు.

మనలో మనకు

ఈ కొలబద్దను మన వైపు కూడా తిప్పుకోవాలి. 1954లో షెరిఫ్ వేసవి శిబిరంలో పిల్లల్ని రెండు జట్లు చేసి కొట్లాడించి, తర్వాత ఉమ్మడి పని పెట్టి కలిపాడు. ఆ పాఠాన్ని పట్టుకొని ‘ముందు అందరం దళితులం, వాటా మాట తర్వాత’ అని మాదిగలకు చాలాకాలం చెప్పినవాళ్లున్నారు. 1994లో దండోరా మొదలైంది మొదలు 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించేదాకా 30 ఏండ్లు పట్టింది. శిబిరంలో రెండు జట్లకూ అన్నం సమానంగానే పెట్టారు గదా! సమాన వాటా లేనిచోట ఐక్యత కూడా పైనున్నవాడి కోరికే అవుతుంది. అంబేద్కర్ చెప్పిన మెట్ల అసమానత మన లోపలా ఉన్నది.

మొత్తం మీద మా మాట ఇది. ఈ శాస్త్రాన్ని పారేయొద్దు, అది చెప్పిందే చివరి మాట అనుకోవద్దు. ‘పూర్వాగ్రహం’ అన్న మాట కులాన్ని కొందరి చెడ్డ బుద్ధిగా కుదించినప్పుడు ఒప్పుకోవద్దు. తరగతిలో కులం కేకేయడం ఆపమని హెడ్మాస్టరుతో కొట్లాడేటప్పుడు ఆ 321 మంది పిల్లల లెక్క చూపండి. కోర్టులో ‘ఆవేశం’ అన్న మాట వినబడితే తేదీలు అడగండి. ఊర్లో మొదటగా నిజం చెప్పే ఆ ఒక్కరి వెనకాల సంఘం నిలబడితేనే రెండోవారి నోరు తెరుచుకుంటుంది. చెరువు కింద ఎవరికెంత భూమి ఉన్నదో లెక్క తీయకుండా మనసుల లెక్క తీయడం మాత్రం సగం చదువే.