రేవు వేరు, ఆశ్రయం వేరు

ఓడరేవు అన్నా నౌకాశ్రయం అన్నా ఒకటేనని మన పత్రికలు ఏనాడో తేల్చేశాయి. చెన్నపట్నం చరిత్రలో మాత్రం ఈ రెంటికీ నడుమ రెండు శతాబ్దాలకు పైగా ఎడం ఉంది. 1639లో ఈస్టిండియా కంపెనీకి ఈ ఇసుక తీరం దక్కిన తర్వాత ఇక్కడ సరుకు దిగింది, సుంకం వసూలైంది, ఊరు పెరిగింది. అది రేవే. ఓడకు నీడ మాత్రం లేదు. అది ఒడ్డుకు దూరంగా, నడిగాలిలో లంగరు వేసుకోవలసిందే. మనుషులనూ మూటలనూ మసూలా పడవలు ఒడ్డుకు చేర్చేవి. మేకుల్లేకుండా కొబ్బరితాడుతో పలకలు కుట్టిన ఆ పడవలు కెరటం కొట్టినా పగలక, కాస్త వంగి తట్టుకునేవి. రేవును నడిపింది వర్తకమూ, పడవవాళ్ల నేర్పూ.

ఆశ్రయానికి రాతిగోడలు కావాలి. ఆ పని 1875లో మొదలైంది. 1881 నవంబరు తుపాను కట్టినదాన్ని చాలావరకు కూల్చితే, మళ్లీ కట్టారు. ఈ తీరం వెంట ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే ఎక్కువగా కదులుతుంది. దానికి గోడలు అడ్డుపడ్డాయి. దక్షిణాన మేట వేసి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం, తిరువొత్తియూరు వైపు ఒడ్డు కోసుకుపోయింది. రేవు తీరాన్ని ఉన్నదున్నట్టు వాడుకుంది, ఆశ్రయం తీరం రూపునే మార్చేసింది.

తుపాను హెచ్చరిక రాగానే ఓడలను నడిసముద్రంలోకి పంపేస్తారు కదా, అదేం ఆశ్రయమని అడగవచ్చు. గోడలు మాటిచ్చింది రోజూ వచ్చే కెరటాల నుంచి కాపాడతామనే. పెనుగాలిలో జెట్టీకి కట్టిన ఓడ గోడను గుద్దుకునే ప్రమాదం ఉంది గనుక లోతునీటిలోకి పోవడమే మేలు. గోడల్లేని పెద్ద రేవు ఈ రోజుల్లో ఎక్కడుంది, ఇక తేడా ఎందుకన్నది మరో ప్రశ్న. రెండూ ఒకేచోట ఉంటున్నాయి కాబట్టే విడదీసి చూడాలి. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో పోర్టు అనగానే మనం సరుకు, ఉద్యోగాలు లెక్కిస్తున్నాం. అవి రేవు లెక్కలు. గోడ ఎంత పొడవు, ఇసుక ఏ ఊరి ముందు ఆగుతుంది, ఏ ఊరి ముందు తరుగుతుంది అన్నవి ఆశ్రయం లెక్కలు. పత్రికలు ఈ రెండో లెక్కను కూడా అడిగి అచ్చువేయాలి.