గుత్తాధిపత్యం: పరిమాణమా, ప్రవర్తనా?

వర్జీనియా రాష్ట్రం లౌడన్ కౌంటీలోని ఆష్‌బర్న్ డేటా సెంటర్లకు ప్రపంచ ప్రసిద్ధి. ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ క్లౌడ్ వ్యవస్థలో 2025 అక్టోబరు 20న తలెత్తిన లోపం అనేక దేశాల్లో సేవలను స్తంభింపజేసింది. ఇంతటి కేంద్రీకరణను చూసినవారు ఆ సంస్థలను ముక్కలు చేయాలనడం సహజం. అయితే 1890 నాటి షెర్మన్ చట్టం దృష్టిలో పెద్దదిగా ఉండటమే నేరం కాదు. పోటీని అక్రమంగా అణచి ఆధిపత్యాన్ని నిలుపుకోవడం నేరం.

ఈ భేదాన్ని అదే రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా ఫెడరల్ కోర్టు స్పష్టం చేసింది. గూగుల్ తన ప్రకటనల సర్వర్‌ను ప్రకటనల ఎక్స్ఛేంజికి చట్టవిరుద్ధంగా ముడిపెట్టిందని 2025 ఏప్రిల్ 17న న్యాయమూర్తి లియోనీ బ్రింకెమా తేల్చారు. ప్రకటనదారుల నెట్‌వర్క్‌లపై ఆరోపణ మాత్రం రుజువు కాలేదు. కోర్టు తూచింది సంస్థ పరిమాణాన్ని కాదు, దాని చర్యలను.

తీర్పులోని వివేకం ఇదైతే, ప్రక్రియలోని లోపం జాప్యం. 2023 జనవరిలో వేసిన దావాకు తీర్పు రావడానికే రెండేళ్లు దాటింది. ప్రకటనల ఆదాయంపై బతికే చిన్న పత్రిక అంతకాలం నిలవడం కష్టం. కనుక ప్రభుత్వాలు చర్యకు పూనుకోవలసిందే. క్లౌడ్ రంగంలోనూ మొదట పరిశీలించవలసినది భవనాల సంఖ్యను కాదు; వాడుకరి మరో సంస్థకు మారే దారి తెరిచి ఉందా అన్నది.