గుర్రం చదివిన మనుషులు

కుక్కనో పిల్లినో పెంచుకునే వాళ్లను కదిపితే చాలు, ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘నా మనసులో ఏముందో దానికి తెలిసిపోతుందండీ!’ ఈ మాటను కొట్టిపారేసే వాళ్లున్నారు, కళ్లకద్దుకునే వాళ్లూ ఉన్నారు. రెండూ చేయకుండా, ఓపిగ్గా పరీక్షించి చూసిన మనిషి ఆస్కర్ ఫుంగ్‌స్ట్. ఆయన పుస్తకం 1907లో జర్మన్‌లోనూ, 1911లో ‘క్లెవర్ హాన్స్’ పేరుతో ఇంగ్లిష్‌లోనూ వచ్చింది. పరిశోధనను కూడా ఒక పనితనంగా చూసి ఆనందించగలిగే వాళ్లకు ఇది విందు.

హాన్స్ ఒక గుర్రం. దాని యజమాని విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ బెర్లిన్‌లో రిటైరైన లెక్కల మాస్టారు. నాలుగేళ్ల పాటు బడిపిల్లాడికి చెప్పినట్టే దానికి పాఠాలు చెప్పాడు. జవాబు సరిగ్గా చెబితే క్యారెటో రొట్టె ముక్కో పెట్టేవాడు. 1904 నాటికి హాన్స్ కూడికలు, భిన్నాలు చేస్తోంది, తేదీ చెబుతోంది. జవాబు ఎంతైతే అన్నిసార్లు కుడి ముందుకాలితో నేలను తట్టేది. మాస్టారు చూడవచ్చిన వాళ్ల దగ్గర పైసా తీసుకోలేదు. ఆయన పక్కన లేనప్పుడు వేరేవాళ్లు అడిగినా గుర్రం జవాబు చెప్పేది. ఆ సెప్టెంబరులో సర్కస్ నిర్వాహకుడు, జంతుప్రదర్శనశాల డైరెక్టరుతో సహా 13 మంది పరిశీలించి, ఇందులో గారడీ ఏమీ లేదని సంతకాలు పెట్టారు. మరి గుర్రానికి నిజంగానే లెక్కలు వచ్చా? మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ ష్టుంఫ్ ఆ చిక్కుముడిని శిష్యుడైన ఫుంగ్‌స్ట్ చేతిలో పెట్టాడు.

ఫుంగ్‌స్ట్ పనితనం మొదటి ప్రశ్నలోనే కనిపిస్తుంది. గుర్రానికి తెలివి ఉందా లేదా అన్న పెద్ద వాదనలోకి ఆయన దిగలేదు. అడిగేవాడికే జవాబు తెలియకపోతే ఏమవుతుందని చూశాడు. అంకె రాసిన అట్టను, పట్టుకున్నవాడు చూశాక గుర్రానికి చూపిస్తే 98 శాతం సరైన జవాబులు వచ్చాయి. చూడకుండా చూపిస్తే 8 శాతం. ఇంకో పరీక్ష మరీ ముచ్చటైనది. మాస్టారు గుర్రం చెవిలో ఒక అంకె గుసగుసగా చెప్పి తప్పుకుంటాడు. ఫుంగ్‌స్ట్ వచ్చి ఇంకో అంకె చెబుతాడు. రెండూ కలపాలి. మొత్తం ఎంతో ఆ ఆవరణలో తెలియాల్సింది గుర్రానికి ఒక్కదానికే. 31 సార్లు అడిగితే మూడుసార్లే సరిపోయింది. జవాబు తెలిసినవాళ్లు అడిగితే మాత్రం 31కి 29 ఒప్పు.

అంటే సమాచారం మనిషి నుంచే వెళ్తోంది. ఏ దారిన? కళ్లకు పక్కల పెద్ద గంతలు కట్టి చూశాడు. అడిగేవాడు కనిపించినప్పుడు 89 శాతం ఒప్పులు, కనిపించనప్పుడు 6 శాతం. గంతలున్నంతసేపూ హాన్స్ తల అటూ ఇటూ తిప్పి మనిషిని చూడ్డానికి నానా తంటాలు పడింది. అది వినడం లేదు, చూస్తోంది!

ఇక అందరూ గుర్రం కాలి వైపు చూస్తుంటే ఫుంగ్‌స్ట్ మనిషి తల వైపు చూశాడు. ప్రశ్న అడిగినవాడు గిట్టను చూడ్డానికి కాస్త ముందుకు వంగుతాడు. గుర్రం తట్టడం మొదలెడుతుంది. దెబ్బలు సరైన లెక్కకు రాగానే అతని బిగువు సడలి, తల వెంట్రుకవాసి పైకి లేస్తుంది. గుర్రం ఆపేస్తుంది. మాస్టారి వెడల్పాటి టోపీ అంచు ఆ కదలికను ఇంకొంచెం పెద్దది చేసి చూపించేది. మన గంగిరెద్దుల వాళ్లు ఎద్దుకు సైగలు కావాలని నేర్పుతారు. ఇక్కడ సైగ చేసినవాడికే చేసిన సంగతి తెలియదు. మాస్టారిలో మోసం లేకపోవడమే ఇంతమందిని బోల్తా కొట్టించింది.

ఇంతటితో ఆపినా పేరొచ్చేది. కానీ ఫుంగ్‌స్ట్ ఇంకో అడుగు వేశాడు, పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ప్రయోగశాలలో తనే గుర్రం పాత్ర తీసుకున్నాడు. ఎదుటివాళ్లు ఒక అంకె మనసులో గట్టిగా తలుచుకోవాలి. ఆయన కుడిచేత్తో తడుతూ, వాళ్ల తల కదలగానే ఆపేవాడు. 25 మందిని పరీక్షిస్తే ఇద్దరు తప్ప అందరూ ఆ కదలిక చూపించారు. తాము కదిలామని వాళ్లకు తెలియదు. ఆయన సైతం ఆ సైగను తెలియకుండానే చేస్తూ వచ్చి, తర్వాత గుర్తించాడు. ఒక గుర్రం గుట్టు విప్పబోయి మనుషులందరి గుట్టూ విప్పాడు.

పుస్తకం నిండా పట్టికలే, కొన్నిచోట్ల విసుగు కూడా పుడుతుంది. అయినా ఎక్కడా వెటకారం లేదు. మాస్టారిని మోసగాడనలేదు, గుర్రాన్ని మొద్దనలేదు. అంత సూక్ష్మమైన కదలికను పట్టిన చూపును తక్కువ చేసి మాట్లాడనూ లేదు. ఫాన్ ఓస్టెన్ 1909లో చనిపోయాడు. ‘క్లెవర్ హాన్స్ ఎఫెక్ట్’ అన్న పేరు మాత్రం శాస్త్రంలో నిలిచిపోయింది. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో అమెరికాలోని డేవిస్ పరిశోధకులు, వాసన పట్టే జాగిలం, దాన్ని నడిపే హ్యాండ్లరు కలిసిన 18 జట్లను పరీక్షించారు. అక్కడ మత్తుమందు గానీ పేలుడు పదార్థం గానీ ఏదీ పెట్టలేదు. సరుకున్న చోట గుర్తు ఉంటుందని హ్యాండ్లర్లకు చెప్పారు. ‘దొరికింది’ అన్న కబుర్లు ఆ గుర్తుల దగ్గరే ఎక్కువగా వచ్చాయి.

కాబట్టి జంతువుల మనసు దూరం నుంచే చదివి చెబుతామని ఎవరైనా డబ్బు అడిగితే, ఫుంగ్‌స్ట్ పరీక్షలో ఒక్కటి పెట్టి చూడండి. మీ ఇంటి కుక్క మాత్రం మిమ్మల్ని నిజంగానే చదువుతోంది. అది ఇన్నాళ్లుగా మిమ్మల్ని చూసిన శ్రద్ధలో సగమైనా పెట్టి, మీరూ దాన్ని చూడండి.