సర్వర్ సాంకేతికతల ఎంపిక – తెలుగు అక్షర ప్రమాణం

వ్యాపార వెబ్ అప్లికేషన్‌కు జావా, డాట్‌నెట్, పీహెచ్‌పీలలో దేనిని ఎంచుకోవాలన్న చర్చ దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలలో సాధారణంగా వేగం, ఖర్చు, ఉద్యోగావకాశాల చుట్టూ తిరుగుతుంది. ఖాతాదారుల పేర్లు తెలుగులో నమోదయ్యే చోట ఈ కొలమానాలు చాలవు. సాంకేతికత అక్షరాన్ని ఎలా లెక్కిస్తుందన్నది కూడా ఎంపికకు ప్రమాణం కావాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

మలక్‌పేట గంజ్‌లోని ఒక దుకాణం ఖాతాలో ‘లక్ష్మీ’ అనే పేరు ఉన్నదనుకుందాం. ఛందశ్శాస్త్రం ప్రకారం ఇందులో అక్షరాలు 2. యూనికోడ్‌లో ఒత్తులకు ప్రత్యేక సంకేతాలు లేవు. హల్లు, పొల్లు, హల్లు వరుసగా నమోదవుతాయి. కనుక సంకేతాలు 7. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు; మొత్తం 21. పీహెచ్‌పీ మామూలు పొడవు లెక్క 21 అంటుంది. జావా, డాట్‌నెట్‌లు 7 అంటాయి.

రసీదులో చోటు చాలక పేరును కుదిస్తే, బైట్ల లెక్కలో సంకేతం మధ్యలో తెగి చదవరాని గుర్తు మిగలవచ్చు. సంకేతాల లెక్కలో 4 దగ్గర కోస్తే ‘లక్ష’ మిగులుతుంది. పేరు సంఖ్య అవుతుంది. ఈ రెండవ దోషమే ఎక్కువ ప్రమాదకరం. చదవరాని గుర్తు తప్పును పట్టిస్తుంది. ‘లక్ష’ దానిని దాచిపెడుతుంది.

2023లో వెలువడిన యూనికోడ్ 15.1 తెలుగు సంయుక్తాక్షరాన్ని విడదీయకుండా ఒకటిగా గుర్తించే నియమాన్ని చేర్చింది. పాత నియమంలో ఇదే పేరు 4 ముక్కలు. అక్షరాల వారీ లెక్కకు మూడు సాంకేతికతలలోనూ సాధనాలున్నాయి. అవి ఏ నియమాన్ని పాటిస్తున్నాయన్నదే అసలు ప్రశ్న. దానిని తేల్చే పరీక్షాపదాలను సమకూర్చడం తెలుగు శాఖలు చేపట్టవలసిన పరిశోధన.