నీటి జాడ పట్టిన కెమెరా

చెట్టును ఫొటో తీయడం తేలికే. ఆ చెట్టు అక్కడే ఎందుకు మొలిచింది, దేన్ని నమ్ముకుని బతుకుతోంది, దాన్ని నమ్ముకుని ఇంకెవరు బతుకుతున్నారు అన్నది ఫొటోలో చూపించడం కష్టం. ఖతర్ చెట్ల మీద నా శిష్యుడు తెచ్చిన ఈ చిత్రసంపుటి ఆ కష్టమైన పని చేసి చూపింది. అందుకే ముందుమాట అడగ్గానే సంతోషంగా ఒప్పుకున్నాను.

కాకినాడలో వృక్షశాస్త్రం చెప్పే రోజుల్లో పిల్లల్ని కోరంగి మడ అడవులకు తీసుకెళ్ళేవాణ్ణి. ఈ పుస్తకకర్త ఆ పిల్లల్లో ఒకడు, కోనసీమ కుర్రవాడు. ఆ సీమ నుంచి ఎందరో వెళ్ళినట్టే తనూ గల్ఫ్‌ వెళ్ళాడు. వారమంతా దోహాలో ఉద్యోగం, శుక్రవారం సెలవు. ఈ పుస్తకం మొత్తం ఆ సెలవురోజుల కష్టార్జితం.

ఖతర్ అనగానే మనవాళ్ళకు మేడలు, గ్యాసు, 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గుర్తొస్తాయి. చెట్లు గుర్తు రావు. ఏడాది మొత్తానికి అక్కడ పడే వాన సుమారు 80 మిల్లీమీటర్లు. మన కోస్తాలో వాయుగుండం పట్టిందంటే ఒక్క రోజులోనే అంతకు మించి కురుస్తుంది. దేశం మొత్తంలో ఒక్క నది కూడా లేదు. అలాంటి నేల మీద చెట్టు కనబడిందంటే అక్కడ ఏదో ఒక రూపంలో నీరు ఉన్నట్టే. మా వాడు దీన్ని బాగా పట్టుకున్నాడు. చెట్లను జాతుల వారీగా పేర్చకుండా నీటిని బట్టి మూడు భాగాలు చేశాడు: సముద్రపు పోటు నీరు, వాన నీరు, మనిషి పోసే నీరు. ఈ అమరికే పుస్తకానికి ప్రాణం.

మొదటి భాగం అల్ థఖీరా మడ అడవులది. దోహాకు ఉత్తరాన, అల్ ఖోర్ పట్టణం పక్కన ఉన్నాయి. ఖతర్‌లో సహజంగా పెరిగే మడజాతి ఒక్కటే, అవిసీనియా మెరీనా. మన కోరంగిలో తెల్లమడ అనేది ఇదే. కోరంగిలో గోదావరి మంచినీరు సముద్రపు ఉప్పును విరుస్తుంది, అందుకే ఇరవైకి పైగా మడజాతులు కలిసి పెరుగుతాయి. అల్ థఖీరాలో ఉప్పును విరిచే ఏరు లేదు. మహాసముద్రాల్లో లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఖతర్ తీరంలో 40 గ్రాములు దాటుతుంది. ఆ ఉప్పును తట్టుకోవడానికి చెట్టు పొట్టిగా, గుబురుగా ఉండిపోతుంది. పీల్చిన ఉప్పును ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తుంది. ఆకు మీద మెరిసే ఆ ఉప్పు పలుకుల్ని దగ్గరగా తీసిన చిత్రం ఒకటి ఇందులో ఉంది. పాఠంగా చెప్పాలంటే నాకు గంట పట్టేది. ఆ ఒక్క చిత్రం చూస్తే చాలు.

అదే చెట్టును పోటు వేళా పాటు వేళా తీసి ఎదురెదురు పుటల్లో పెట్టాడు. ఒక పుటలో నీళ్ళ మీద తేలే పచ్చని గుబురు. రెండో పుటలో బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వందలాది శ్వాసవేళ్ళు, వాటి మధ్య పీతల బొరియలు. శీతాకాలంలో ఆ లోతులేని నీటిలోకి రాజహంసలు దిగుతాయి. సూళ్ళూరుపేట ఫ్లెమింగో పండుగకు వెళ్ళినవాళ్ళు వీటిని ఇట్టే గుర్తుపడతారు, పులికాట్‌కు వచ్చేదీ ఈ జాతే. ఆ పక్కనే ఉన్న చిన్న దీవిలో క్రీస్తుకు పూర్వం రెండో సహస్రాబ్దిలో సముద్రపు నత్తల నుంచి ఎరుపు, ఊదా రంగులు తీసేవారు. పగలగొట్టి పారేసిన గుల్లల గుట్టలను పురావస్తు శాస్త్రవేత్తలు అక్కడ బయటపెట్టారు. దీవినీ మడచెట్లనూ ఒకే చట్రంలో చూపిన చిత్రం దగ్గర పాఠకులు కాసేపు ఆగాలని నా మనవి.

రెండో భాగం రౌదాలది. చుట్టుపక్కల పడ్డ కొద్దిపాటి వానా, దానితో కొట్టుకొచ్చే ఒండ్రూ చేరే పల్లపు నేలలను ఖతర్‌లో రౌదా అంటారు. రాతినేల మధ్య మట్టి లోతుగా ఉండేది అక్కడే. సిద్ర్ చెట్టు, గొడుగులా పరుచుకునే సమర్ చెట్టు అక్కడే కనిపిస్తాయి. సిద్ర్ మన రేగుకు దగ్గరి చుట్టం. భోగినాడు పిల్లల తలమీద పోసే రేగుపళ్ళ లాంటి పళ్ళే దీనికీ కాస్తాయి. సమర్ మన తుమ్మకు చుట్టం. ఒకే రౌదాను ఆగస్టులోనూ, చలికాలపు జల్లుల తరవాతా తీసిన చిత్రాలు చూడండి. రెండోదాంట్లో చెట్టు చుట్టూ పచ్చిక, పూలు, తెల్లచెవుల పిగిలిపిట్టలు. అంచున బొరియలోంచి తల బయటపెట్టిన ముళ్ళతోక బల్లి, అక్కడివాళ్ళ ధబ్.

మన జమ్మి కూడా ఈ భాగంలో ఉంది. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన ఆ చెట్టే ఎమిరేట్స్‌కు జాతీయ వృక్షం. ఖతర్‌లో సహజంగా పెరిగినవి బహు కొద్ది. దూరం నుంచి దానిలాగే కనిపించే సర్కారు తుమ్మ మాత్రం అక్కడా విచ్చలవిడిగా పాకింది. రెండిటి కొమ్మల్నీ కాయల్నీ పక్కపక్కన పెట్టి తేడా చూపించిన పుట విద్యార్థులకు ఎంతో పనికొస్తుంది.

మూడో భాగం మనిషి నీరు పోసి పెంచే చెట్లది. వాటి నీడన ఖతర్ జాతీయ జంతువు అరేబియా ఒరిక్స్ ఉంది. 1972 నాటికి ఇది అడవుల్లో పూర్తిగా అంతరించింది. మనుషుల పెంపకంలో మిగిలిన మందలతోనే వంశం నిలిచింది. వాటిని మళ్ళీ ఎడారుల్లో వదలడం ఫలించి, 2011లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాని ప్రమాదస్థాయిని ఒక మెట్టు తగ్గించింది. షహానియా సంరక్షణ కేంద్రంలో చెట్టునీడన పడుకున్న ఒరిక్స్ వెనక కంచె కనబడుతుంది. దాన్ని కత్తిరించి అడవి అని నమ్మించడం సులువు. మా వాడు కంచెను ఉంచాడు, కింద ఉన్నమాట రాశాడు. గురువుగా నాకు ఎక్కువ గర్వం కలిగింది ఇక్కడే.

ఆ తరవాతి చిత్రంలో రోడ్డు పక్క సిద్ర్ నీడన కూలీలు కునుకు తీస్తున్నారు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 వరకు అక్కడ ఎండలో పని చేయించడం నిషేధం. చెట్టు నీడ విలువ ఆ వేళలో తెలిసినట్టు ఇంకెప్పుడూ తెలియదు. పక్షుల మధ్య, జంతువుల మధ్య ఈ మనుషులకూ చోటిచ్చాడు. నీటిని వెతుక్కుంటూ వేరు వెళ్ళినట్టే బతుకును వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళు వాళ్ళు.

అతని పనితీరు గురించీ చెప్పాలి. ఏసీ కారులోంచి తేమగాలిలోకి తీసిన కెమెరా అద్దం ఆవిరి పట్టిపోతుంది. అది బయటి వేడికి అలవాటుపడేదాకా సంచిలోనే ఉంచి ఆగుతాడు. పాటు వేళ బురదలో నడిస్తే శ్వాసవేళ్ళు నలుగుతాయని గట్టు మీంచే తీస్తాడు. పోటు వేళ చిన్న పడవలో వెళతాడు. రాజహంసలు తలెత్తి చూస్తే అక్కడితో ఆగిపోతాడు. మంచి బొమ్మ కోసం పిట్టను లేపనివాడే ఈ పనికి తగినవాడు.

చిరంజీవికి ఒక పని అప్పగిస్తున్నాను. ఇదే పద్ధతిలో, ఇదే ఓపికతో కోరంగిని తీసి రెండో సంపుటి తేవాలి. ఒకే జాతి చెట్టు మంచినీటి పక్కన ఎలా పెరుగుతుందో, అది లేనిచోట ఎలా నెగ్గుకొస్తుందో తెలుగు పిల్లలు పక్కపక్కన చూడాలి.

గల్ఫ్‌లోని తెలుగు కుటుంబాలకు నా మాట ఒక్కటే. నవంబరు, మార్చి నెలల మధ్య ఏదో ఒక శుక్రవారం పోటుపాట్ల వేళ కనుక్కుని, పిల్లల్ని వెంటబెట్టుకుని అల్ థఖీరా వెళ్ళండి. జీతం ఇచ్చే నేలకు చెట్లున్నాయని, వాటిలో కొన్ని మన చుట్టాలని వాళ్ళకు తెలియనివ్వండి. ఆ పని మొదలుపెట్టిన నా శిష్యుడికి నిండు ఆయుష్షు, చల్లని చూపు, మరెన్నో మంచి శుక్రవారాలు కలగాలని ఆశీర్వదిస్తున్నాను.