ట్యూబు పట్టుకున్నవాళ్ల మాట

వెంటిలేటర్ మీదున్న మనిషిని బోర్లా తిప్పేటప్పుడు మా ఐసీయూలో ఒక్క గొంతే వినబడాలి. అది పెద్ద డాక్టరుది కానక్కర్లేదు. రోగి తల దగ్గర నిలబడి నోట్లో ట్యూబును పట్టుకున్నవాళ్లది. చాలాసార్లు అక్కడుండేది మత్తు విభాగంలో పీజీ చేస్తున్న అమ్మాయే. ఆమె ఒకటి, రెండు, మూడు అంటేనే మిగతావాళ్లం తిప్పాలి. ఆగమంటే ప్రొఫెసరైనా ఆగాల్సిందే. ట్యూబు ఊడిందంటే ఆ మనిషికి మిగిలేది నిమిషాలే.

నెమ్ము ముదిరి రెండు ఊపిరితిత్తులూ నీరు పట్టాక, ఎంత ఆక్సిజన్ ఇచ్చినా రక్తానికి అందదు. వెల్లకిలా ఉంటే గుండె బరువూ పొట్ట ఒత్తిడీ పడి వీపు వైపు గాలిగదులు మూసుకుపోతాయి. బోర్లా తిప్పితే అవి తెరుచుకుంటాయి. ఫ్రాన్స్ వైద్యుడు క్లోడ్ గెరాన్ బృందం 2013లో దీన్ని లెక్కలతో చూపించింది. పరిస్థితి బాగా విషమించినవాళ్లను రోజుకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచితే, 28 రోజుల్లోపు మరణాలు దాదాపు 33 శాతం నుంచి 16 శాతానికి దిగాయి. ఆ వ్యాసంలో నేను మళ్లీ మళ్లీ చదివింది మాత్రం ఇంకో మాట. పాల్గొన్న ఐసీయూలన్నీ అప్పటికే అయిదేళ్లకు పైగా ఆ పని చేస్తూ వచ్చినవి. ఆ ఫలితంలో సగం పుణ్యం అలవాటు పడ్డ చేతులదేనని నా నమ్మకం.

తిప్పడానికి ముందే బోలెడు పని. ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారం ఆపాలి. కళ్లు మూసి ప్లాస్టర్ వేయాలి. మెడ దగ్గరి సెంట్రల్ లైను, మూత్రం గొట్టం ఎటు పోతున్నాయో ఒకరు చూసుకోవాలి. తిప్పాక చెంప ఒరుసుకుపోకుండా ముఖాన్ని అటూ ఇటూ మార్చేది రాత్రంతా సిస్టరే. ఆమె చార్టులో ఆ సంగతి ఒక్క గీత.

రాష్ట్రంలో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చిలో మా నెల్లూరులోనే తేలింది. బోర్లా పడుకోబెట్టడమనే మాట ఊళ్లకు చేరింది ఆ తర్వాతే. అయినా మైపాడు, కోడూరు వైపు నుంచి వచ్చిన బంధువులు అద్దంలోంచి చూసి ఇప్పటికీ ఉలిక్కిపడతారు. "ఏంది సార్, ఎందుకట్టా బోర్లా ఏసినారు?" అని అడుగుతారు. మేం డాక్టర్లం చెబితే తలూపుతారు గానీ, నమ్మకం కుదిరేది సిస్టర్ చెప్పాకే.

అసలు సంగతులు కూడా ఆమె దగ్గరే బయటపడతాయి. మా ముందు నోరు విప్పని ఇల్లాలు సిస్టరుతో అంటుంది: వానల్లో చెప్పుల్లేకుండా మళ్లో దిగాడమ్మా, షుగరు మాత్రలు ఎప్పుడో మానేశాడు అని. ఆ రెండు ముక్కలతో మందే మారిపోవచ్చు. తడి నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి, షుగరున్నవాళ్లలో మెలియాయిడోసిస్ అనే జబ్బు తెస్తుంది. ఎక్స్‌రేలో అచ్చం టీబీలా కనిపించవచ్చు. మామూలుగా నెమ్ముకు మొదలుపెట్టే యాంటీబయాటిక్స్‌కు లొంగదు. ల్యాబులో కూడా వేరే క్రిమిగా పొరబడే అవకాశం ఎక్కువ. అందుకే కఫం, రక్తం నమూనాలు పంపి ఊరుకోకుండా, ఈ అనుమానం ఉందని మైక్రోబయాలజీకి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేసినందుకు కల్చర్ ప్లేటును ఇంకాస్త ఓపిగ్గా చూసిన టెక్నీషియన్లు నాకు తెలుసు. వాళ్లను రోగి బంధువులు ఎన్నడూ చూడరు.

ఆస్పత్రుల గురించి రాసేటప్పుడు ఎన్ని వెంటిలేటర్లు ఉన్నాయో రాస్తారు. రాత్రి డ్యూటీలో ఒక్కో సిస్టర్ ఎంతమందిని చూస్తోందో కూడా రాయండి. అర్ధరాత్రి రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ పడిపోతే మనిషిని తిప్పడానికి కనీసం అయిదుగురం కావాలి. తక్కువైతే పక్క వార్డు సిస్టర్‌నూ, క్యాజువాలిటీలో స్ట్రెచర్ తోసే అన్ననూ పిలుస్తాం. వాళ్లొచ్చి తలా ఒక వైపు నిలబడేదాకా ఆ అమ్మాయి లెక్క మొదలుపెట్టదు, మేమూ తొందరపెట్టం.