దరఖాస్తులో బావమరిది

కావ్యములను, నాటకములను విమర్శించువారు మన సంఘమున పలువురు కలరు. సాంచాల కార్ఖానాలో గుమాస్తాగిరి చేసి విశ్రమించిన మాకు విమర్శింపదగిన గ్రంథము దరఖాస్తు పత్రమే.

మా యింటి యామె తమ్ముడు అమెరికాలో స్థిరపడినాడు. అతని కుమార్తె వివాహమునకు పోవలెనని, సందర్శక వీసాకై డి.ఎస్.-160 అను పత్రమును అంజూర్ ఫాటాలో ఒక కంప్యూటరు దుకాణమున కూర్చుండి నింపితిమి. పత్రము బాగుగనే కూర్చబడినది. అడుగవలసినది సూటిగా అడుగును. ఆ గుణమును మెచ్చుకొనక తప్పదు. కాని బంధుత్వము దగ్గర దాని చూపు ఆనదు. తల్లిదండ్రులు గాక భార్యాభర్తలు, కాబోవు దంపతులు, సంతానము, తోబుట్టువులు మాత్రమే దానికి దగ్గరివారు. కనుక ఆ యొక్క మనిషియే మా యామె పత్రములో తోబుట్టువై పేరుతో నిలిచినాడు. మా పత్రములో 'ఇతర బంధువులు కలరా?' అను ప్రశ్నకు 'కలరు' అను మాటలో అణగిపోయినాడు. బావమరిది బ్రతుకు కోరును, దాయాది చావు కోరును అని చెప్పుకొను మనకు ఇది మింగుడుపడునా? ఇంగ్లీషువారు బావమరిదిని 'బ్రదర్ ఇన్ లా' అందురు. అనగా చట్టముచేత సోదరుడు. అట్టివానిని చట్టపు కాగితమే లెక్కింపకుండుట వింత.

పత్రము కంటె మమ్ము నొప్పించినది దళారి వ్రాసియిచ్చిన లేఖ. సందర్శకుడు తాను తిరిగిపోవువాడనని అధికారిని ఒప్పించువరకు, స్థిరపడుటకు వచ్చువాడుగనే ఎంచవలెనని 1952 నాటి అమెరికా వలస చట్టము, 214(బి) విభాగమున చెప్పుచున్నది. ఆ భయము ఆ లేఖ నిండ పరచుకొన్నది. పొరుగువారి లేఖయు చూచితిమి. పేర్లు తప్ప వేఱు భేదము లేదు. 'తరతరములుగా ఈ గడ్డను విడువని కుటుంబము' అను వాక్యము చదువగనే మా యామె నవ్వినది.

"మీ నాయిన సిరిసిల్ల నుంచి ఆర్నెల్లకని వచ్చిండు గద!"

నిజమే. కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు జిల్లాలనుండి భివండి చేరిన మన పద్మశాలీలలో తిరిగిపోవుదుమని రానివారెందరు? వచ్చు దసరాకు ఊరిలో ఇల్లు కప్పింపవలెనని మా నాయన ప్రతి యేడు అనెడివారు. ఇచ్చటనే కన్నుమూసినారు. కనుక ఆ చట్టపు అనుమానము వట్టి అన్యాయమని కొట్టివేయుటకు మాకు నోరు రాలేదు. అయితే పని వెదకికొని పోవు పడుచువానిని, మేనకోడలి తలపై అక్షతలు వేయుటకు పోవు ముసలి దంపతులను ఒకే అనుమానముతో తూచుట మాత్రము మోటుపని. దానికి జవాబుగా అబద్ధపు వేళ్లు చూపుట అంతకన్న మోటు.

దళారి లేఖను చించివేసితిమి. ఆరు వాక్యములతో వేఱొకటి వ్రాసి, పెండ్లి తేదీ, తిరుగుప్రయాణపు తేదీ, మనుమరాలిని బడికి దింపు పని మాదేయన్న సంగతి అందులో చేర్చితిమి. అధికారి దానిని చూడవచ్చును, చూడకపోవచ్చును. 2011లో బాంద్రా-కుర్లా కాంప్లెక్సునకు మారిన ఆ కాన్సులేటునకు పోవుటకు తొలి బస్సే ఎక్కవలెనని మా యామె ఇప్పటినుండియే తొందరపెట్టుచున్నది.